మూడు సెంట్ల బంకమన్ను: ఇంగ్లండు వూస్టర్‌షైర్‌లో ఒక వసంతం డైరీ

ఫిబ్రవరి 9, 2025, ఆదివారం

రెండేళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉన్నాక ఇవాళ తాళంచెవి చేతికొచ్చింది. ఊరి చివర, చర్చి వెనక ఇనప గేటుది. లోపల ఇరవై దాకా తోటలు, ఒక్కోటి ఒక్కొక్కరివి. అలాట్‌మెంటు అంటారు. మన లెక్కలో కౌలు. ఏడాదికి ఇంత అని పారిష్ కౌన్సిల్‌కి, అంటే మన పంచాయతీ లాంటిదానికి, కట్టాలి, కూరలో పూలో పళ్ళో ఏం పెంచుకున్నా మనిష్టం. ఇల్లు కట్టకూడదు, పండింది అమ్మి వ్యాపారం చెయ్యకూడదు. ఊళ్ళో జనం అడిగితే ఇలా జాగా చూపించే బాధ్యత కౌన్సిళ్ళ మీద పెట్టిన చట్టం 1908 నాటిది.

కాగితం మీద విస్తీర్ణం "5 పోల్స్" అని ఉంది. ఇదేం కొలతరా అని వెతికితే, పోల్ అంటే ఐదున్నర గజాల కర్ర. పొడుగూ వెడల్పూ ఒక్కో కర్ర పెడితే ఒక పోల్ నేల. అలాంటివి 160 అయితే ఎకరం. మన ఎకరం వీళ్ళ దగ్గర్నుంచి వచ్చిందేగా, లెక్క చక్కగా కుదిరింది: 151 గజాలు, అంటే మూడు సెంట్ల మీద ఓ పిసరు. నాన్నకి ఫోన్లో అలాగే చెప్పాను.

"మూడు సెంట్లా? మన దొడ్డి అంత కూడా లేదు కదమ్మా. దీనికి రెండేళ్ళు కాచుక్కూర్చున్నారా!"

మాది పర్చూరు దగ్గర నల్లరేగడి. శనగ, పొగాకు, మిర్చి. నేను చేలోకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళిన పిల్లనే కానీ పార పట్టిన పిల్లని కాదు. ఇప్పుడు ఉంటున్నది పెర్షోర్‌కీ ఈవ్‌షమ్‌కీ మధ్య ఓ చిన్న ఊరు. ఒక పక్క ఏవన్ నది, ఇంకో పక్క బ్రెడన్ కొండ. ఈ లోయకి ప్లమ్ పళ్ళకీ ఆస్పరాగస్‌కీ పేరు. మట్టి మాత్రం లయాస్ క్లే అనే బంకమన్ను. గేటు దగ్గర్నుంచి నా తోట దాకా నడిచేసరికి బూటు ఒక్కోటి రెండు కిలోలైంది.

పక్క తోట ఒక పెద్దాయనది. డెబ్బై ఎనిమిదేళ్ళు. చెయ్యి కలిపి, పేరు పెట్టే పిలవమన్నారు. మా నాన్న కన్నా పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఏమీ పిలవకుండానే మాట్లాడే విద్య ఈ దేశంలో పదేళ్ళుగా నేర్చుకున్నాను కాబట్టి ఇబ్బంది లేదు.

ఫిబ్రవరి 16

చెయ్యకూడని పని చేశాను. అప్పటికి తెలీదు.

తోటంతా కౌచ్ గ్రాస్. మన గరికకి పెద్దన్న. కింద తెల్లటి వేర్లు, కొసలు సూదుల్లాగా, ఒకదాన్ని లాగితే మూడడుగుల అవతల ఇంకోటి కదుల్తుంది. ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. రాత్రి వాన పడి ఉంది. మా ఆయనకి ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీ, నేను ఒక్కదాన్నే. ఉత్సాహం ఆగక నాలుగు కొమ్ముల ఫోర్కు పట్టుకుని ఉదయం తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా తవ్వాను. మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. లేచిన చోటల్లా మెరుపు, కత్తితో హల్వా కోసినట్టు. ఫోర్కుని ప్రతి రెండు పోట్లకీ కర్రతో గీక్కోవాల్సి వచ్చింది.

ఒక రాబిన్ పిట్ట మాత్రం పొద్దుటినుంచీ నాతోనే ఉంది. ఎర్ర రొమ్ము, గోళీ అంత కళ్ళు. ఫోర్కు తీసిన గుంటలోకి ఎగిరి వానపామును లాక్కుని, మళ్ళీ కంచె మీదకి. మనిషంటే బొత్తిగా భయం లేదు. పెద్దాయన కంచె మీదనుంచి చూసి, "పిట్టకి మంచి రోజు" అన్నారు. నాకు మంచి రోజు అనలేదని ఇంటికొచ్చాక అర్థమైంది.

మార్చి 2

రెండు వారాల కిందట తవ్విన పెళ్ళల్ని వీడియోలో నాన్నకి చూపించాను. పైన ఆరిపోయి ఇటుకల్లా ఉన్నాయి, లోపల ఇంకా బురద.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రేగడి నేలని తడిలో ఎవరన్నా దున్నుతారా తల్లీ" అన్నాడు. "నువ్వు తవ్వలేదు, పిసికావు. మట్టిలో ఉండే సందులన్నీ మూసేశావు. ఇహ గాలీ పోదు, వేరూ పోదు. అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అని ఊరికే అన్నారా."

అదును. చిన్నప్పటి నుంచీ వింటున్న మాట. వానలు తగ్గాక సాయంత్రాలు నాన్న చేలోకెళ్ళి ఓ గుప్పెడు మట్టి తీసి పిసికి, కింద పడేసి, ఏమీ మాట్లాడకుండా ఇంటికొచ్చేవాడు. మర్నాడు మళ్ళీ. ఏదో ఒక రోజు తెల్లారకముందే ట్రాక్టరు కోసం అరుపులు వినపడేవి. ఆ గుప్పెట్లో ఏం చూసేవాడో నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ అడిగాను.

పైమట్టి కాదు, నాలుగు వేళ్ళ లోతున తియ్యాలి. గుప్పెట్లో గట్టిగా నొక్కితే ముద్ద కావాలి. నడుం ఎత్తునుంచి వదలాలి. పేడకడి లాగా చప్పున పడి అతుక్కుపోతే తడి ఎక్కువ. పడగానే మూడు నాలుగు ముక్కలై పొడిగా విచ్చుకుంటే అదును. అసలు ముద్దే కాకపోతే? "అప్పటికి నువ్వు ఆలస్యం చేశావని."

తవ్విన పెళ్ళలు ఏం చెయ్యాలో పెద్దాయన చెప్పారు. ఏమీ చెయ్యొద్దు. రాత్రిళ్ళు ఇంకా గడ్డ కట్టే చలి ఉంది, మట్టిలో నీరు గడ్డకట్టి ఉబ్బి, పగలు కరిగి, పెళ్ళని లోపల్నుంచి అదే పగలగొడుతుంది. ఇక్కడ బంకమన్ను తోటల వాళ్ళు శీతాకాలానికి ముందే తిరగేసి వదిలేసేది అందుకేనట. నాన్నకి చెప్తే ముచ్చటపడ్డాడు. "మాకు ఎండ చేసే పని మీకు మంచు చేస్తుందన్నమాట."

ఇంకో రెండు సంగతులు. తోట అంచున పక్క పొలం రైతుది ముళ్ళ హెడ్జ్, అంటే చెట్ల కంచె, ఉంది, కొమ్మలు నావైపు వాలుతున్నాయి. కత్తెర తీసేసరికి పెద్దాయన ఆపారు. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పొలాల హెడ్జ్‌లు కత్తిరించకూడదని రూలు, పిట్టలు గూళ్ళు పెట్టే కాలం. ఒక్కరోజు ఆలస్యమయ్యాను. రెండోది, దగ్గర్లో ఒక గుర్రాల శాల వాళ్ళు ఎరువు ఊరికే ఇస్తామంటే నాలుగు బస్తాలు తెచ్చుకున్నాను. దాంట్లో చిక్కుడు గింజలు వేసి చూడకుండా నేలకి వెయ్యొద్దన్నారు ఆయన. గడ్డి భూముల్లో కొట్టే ఒక రకం కలుపుమందు గడ్డిలో ఉండి, గుర్రం కడుపులోంచి కూడా చెక్కుచెదరక ఎరువులోకి వచ్చేస్తుందట. రెండు కుండీల్లో బ్రాడ్ బీన్స్ వేసి కిటికీలో పెట్టాను.

వంటింటి కిటికీలో ఇప్పుడు ఆ కుండీలు, కోడిగుడ్ల అట్టల్లో కళ్ళు పైకి పెట్టి నిలబెట్టిన విత్తనం బంగాళదుంపలు, గోంగూర గింజలు నానేసిన గ్లాసు. మా ఆయన కాఫీ కప్పు పెట్టుకోవడానికి చోటు లేదు.

మార్చి 15, 16

వారం నుంచి వాన లేదు. పొద్దున గడ్డి మీద మంచు, పదింటికల్లా ఎండ. రోజూ సాయంత్రం ల్యాప్‌టాప్ మూసేసి తోటకెళ్ళి గుప్పెడు మట్టి వదలడమే పని. ఎనిమిదిన పేడకడి. పదకొండున పేడకడికి కాస్త అంచులు విరిగాయి. పదమూడున రెండు ముక్కలు.

శనివారం ఉదయం పదకొండింటికి ముద్ద చేసి వదిలాను. చిన్న చప్పుడు. చూస్తే విచ్చుకుని ఉంది, కొబ్బరుండ చేజారితే ఎలా ఉంటుందో అలా. ఇంకోసారి చేశాను. మళ్ళీ అంతే. అక్కడ అప్పుడు సాయంత్రం నాలుగున్నర, నాన్నకి వీడియో కాల్ చేస్తే అమ్మ ఎత్తి, "ఆయన పడుకున్నార్రా" అంది. లేపమన్నాను. నిద్ర కళ్ళతో ఫోన్ ముఖానికి ఆనించుకుని, "ఏదీ, ఇంకోసారి వదులు" అన్నాడు. వదిలాను.

"ఫోన్ పెట్టెయ్. పో."

ఫిబ్రవరిలో తవ్విన ఇటుకలు ఫోర్కు వెనకవైపుతో తడితే చాలు, రాలిపోయాయి. మంచు నిజంగానే దున్నింది. తవ్వని చోట మట్టి ఫోర్కుకి అంటుకోకుండా తిరగబడింది. కౌచ్ గ్రాస్ వేళ్ళు తెగకుండా బారెడు బారెడు ఊడొచ్చాయి. ఆదివారం మా ఆయన కూడా వచ్చాడు. ఇద్దరం కలిసి నాలుగడుగుల వెడల్పున నాలుగు మళ్ళు తీశాం. రెండు వైపులనుంచీ చెయ్యి మధ్యకి అందాలి, మడిలో కాలు పెట్టకూడదు. బంకమన్నుని కాలితో తొక్కితే మళ్ళీ మొదటికే వస్తుంది. నడిచే దారుల్లో కొట్టేసిన చెట్ల చెక్కముక్కలు పరిచాం. చెట్లు నరికేవాళ్ళు గేటు దగ్గర గుట్టగా పోసి వెళ్తారు, ఎవరికి కావాలంటే వాళ్ళు తోడుకోవచ్చు. మిగిలిన సగం నేల ఈ ఏడు తవ్వం. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలు విప్పి కప్పేశాం, చీకట్లో గడ్డి తనంతట తనే చస్తుంది.

చీకటి పడే ముందు ఒక మడిలో బ్రాడ్ బీన్స్ రెండు వరసలు విత్తాం. ఒంగుంటే నడుం, నిలబడితే మోకాళ్ళు. హెడ్జ్‌లో ఎక్కడో చిఫ్‌చాఫ్ అనే బుల్లి పిట్ట తన పేరే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటోంది. దాన్ని విన్నామంటే వసంతం వచ్చినట్టేనని పెద్దాయన. అది చలికి దక్షిణానికి వెళ్ళి మార్చిలో తిరిగొస్తుంది.

ఇరవయ్యో తేదీకల్లా మట్టి ముద్ద కావడం మానేసింది. మొత్తం అదును ఐదు రోజులు.

మార్చి 30, ఉగాది

ఇన్ని ఒకేసారి ఎప్పుడూ రాలేదు. నిన్న ఇక్కడ పాక్షిక సూర్యగ్రహణం. ఇవాళ ఉగాది. ఇవాళే ఇక్కడ మాతృదినం. వేసవి వేళల కోసం రాత్రి ఒంటిగంటకి గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు, విశ్వావసు నామ సంవత్సరం మాకు గంట తక్కువతో మొదలైంది.

గ్రహణం మనవైపు కనపడదు కాబట్టి పట్టింపు లేదంది అమ్మ. ఒక్క క్షణం ఆగి, "కానీ నీకు కనపడుతుందిగా! లోపలుండు" అంది. పదకొండు గంటలకి నేను మడి పక్కన అన్నం వార్చే చిల్లుల గిన్నె పట్టుకుని ఉన్నాను. ఒక్కో చిల్లులోంచి పడ్డ వెలుగు చుక్క మట్టి మీద ఎవరో కొరికిన బిళ్ళలాగా పడింది. వంద చిన్న సూర్యుళ్ళు, అన్నీ ఒకే వైపు కొరికినవి. పెద్దాయన తన టీ కప్పుతో వచ్చి చాలాసేపు చూశారు. అమ్మకి ఇది చెప్పలేదు.

పచ్చడికి మామిడికాయ బర్మింగ్‌హామ్ నుంచి, వేపపువ్వు అమ్మ ఎండబెట్టి పంపిన పొట్లం నుంచి. తోట అంచున బ్లాక్‌థార్న్ విరగబూసింది. ఆకు లేని నల్లటి ముళ్ళ కొమ్మల మీద తెల్లటి పూత, దూరం నుంచి అచ్చం వేపపూత. ఇది పూసే రోజుల్లో చలి మళ్ళీ ఓసారి తిరగబడుతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం, దాన్ని బ్లాక్‌థార్న్ వింటర్ అంటారు. లోయ పొడుగునా ప్లమ్ తోటలూ పూత మీద ఉన్నాయి. పూత చూడ్డానికి కార్లలో వచ్చేవాళ్ళ కోసం రోడ్డు పక్కన గుర్తులు పెట్టారు.

కుండీల్లో బ్రాడ్ బీన్స్ చిగుళ్ళు దోసిలి పట్టినట్టు లోపలికి ముడుచుకుపోయాయి. అంటే ఎరువులో మందు ఉన్నట్టే. నాలుగు బస్తాలూ మూలన పడేశాను. గడ్డిమందు ఎరువుదాకా వస్తుందంటే నాన్న నమ్మలేదు. ఫోటో పంపాక, "మరి మన మిరపతోటల్లో…" అని మొదలుపెట్టి ఆపేశాడు.

ఏప్రిల్ 12

వాన లేదు. తవ్వని నేలలో అరవేలు పట్టే బీటలు. మళ్ళల్లో మాత్రం కొన్న కంపోస్టు రెండంగుళాలు పరిచాం కాబట్టి కింద తడి ఉంది. మెంతులు, ధనియాలు, ముల్లంగి విత్తాను. ధనియాలు వేళ్ళతో నలిపి రెండు బద్దలు చేసి వెయ్యడం అమ్మ దగ్గర నేర్చుకున్నదే. నీళ్ళు రెయిన్ బారెల్ నుంచి క్యానుతో మోయడం. పైపు పెట్టకూడదని ఇక్కడి నియమం.

ఇవాళ్టి సంగతి వేరే. మూలన పాత కౌలుదారు వదిలేసిన తివాచీ ముక్క ఒకటి మట్టిలో కూరుకుపోయి ఉంది. అంచు పట్టుకుని ఎత్తాను. కింద జానెడున్నర పాము.

పర్చూరు దగ్గర పుట్టినవాళ్ళు పాముని చూసి చేసే పనే చేశాను. ఒక గెంతు, ఒక కేక. పెద్దాయన పరిగెత్తుకుంటూ కాదుగానీ ఆ వయసుకి పరుగనదగ్గ వేగంతో వచ్చారు. చూసి నవ్వి, మోకాళ్ళ మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నారు. కూర్చున్నానంటే ఆయన మీద గౌరవమే. రాగి రంగు, నూనె రాసినంత నునుపు, పక్కల సన్నటి నల్లగీత. "కళ్ళు చూడు" అన్నారు. చూస్తున్నాను. రెప్ప వేసింది.

పాముకి రెప్పలుండవు. ఇది బల్లి జాతి, కాళ్ళు లేనిది, స్లో వర్మ్. తోటల్లో లేత మొక్కల్ని రాత్రికి రాత్రి మేసే స్లగ్‌లని, అదే గుల్ల లేని నత్తల్ని, తింటుంది. 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద దీన్ని చంపడం, గాయపరచడం నేరం. తివాచీ ఎత్తిన చోటే మెల్లగా దించేశాం. ఆ మూల ఇక దానిదే.

నాన్నకి చెప్తే, "చుట్టమొచ్చాడన్నమాట" అని ఊరుకున్నాడు. అమ్మ మాత్రం రెండు రోజులు ఆ తోట మానెయ్యమంది.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

ఈ వారం ఎట్టకేలకు కాస్త వాన. బంగాళదుంపలు నాటాం. ఇక్కడ పాతకాలం వాళ్ళు గుడ్ ఫ్రైడే రోజే నాటుతారు, ఆ రోజు సైతానుకి నేల మీద అధికారం ఉండదని. పొద్దున్నే తోటల్లో ఎటు చూసినా ఒంగిన నడుములే, గేటు దగ్గర రెండు ఫ్లాస్కులు, ఒక పళ్ళెం నిండా శిలువ గీతల బన్నులు.

నాకు దీంట్లో లెక్క కుదరలేదు. ఈస్టర్ చంద్రుణ్ణి బట్టి మారుతుంది కదా, గుడ్ ఫ్రైడే మార్చి 20న రావచ్చు, ఏప్రిల్ 23న రావచ్చు. నెల తేడా. మట్టి వేడి సూర్యుడి చేతిలో ఉంటుంది, చంద్రుడి చేతిలో కాదు. ఆ లెక్కన మన కార్తెలే నయం, పండుగలు చంద్రుణ్ణి పట్టుకున్నా సేద్యానికి మాత్రం సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చూశారు. రోహిణి కార్తె ఏ ఏడైనా మే చివరి వారంలోనే వస్తుంది. ఇది పెద్దాయనకి వివరించడానికి అరగంట పట్టింది. విని, "నేను నలభై ఏళ్ళుగా మోచెయ్యి పెట్టి చూస్తున్నాను. మట్టి చల్లగా తగిలితే, ఏ శుక్రవారమైనా నాటను" అన్నారు. మరి ఇవాళ ఎందుకు నాటుతున్నారంటే, ఇవాళ సెలవు, కొడుకొచ్చాడు, గుంటలు వాడు తవ్వుతాడు.

రకం అరాన్ పైలట్. త్వరగా వచ్చేది. మొలకలు అంగుళం లోపు, ఊదారంగు, పొట్టిగా గట్టిగా ఉన్నాయి. అడుగుకొకటి, జానెడు లోతు కన్నా కాస్త తక్కువ, మొలక పైకి. మూడు చాళ్ళు. పైన బోదె ఎగదోశాం.

ఏప్రిల్ 21

రూబార్బ్. పాత కౌలుదారు వదిలిన ఆస్తిలో తివాచీ తర్వాత ఇదే. ఏనుగు చెవుల్లాంటి ఆకులు, వాటికి ఎర్రటి కాడలు. ఆకు విషం, కాడే తినాలి. కత్తి పెట్టకూడదు, మొదట్లో బొటనవేలు దూర్చి మెలిపెట్టి లాగాలి. "పుక్" మని ఊడొస్తుంది. ఆ చప్పుడు కోసమే అవసరానికి మించి లాగాను.

ఇంగ్లండులో ఉన్న తెలుగిళ్ళకి ఇది గోంగూర చెల్లెలని తెలుసు. కాడలు అరంగుళం ముక్కలు చేసి, నూనెలో వేస్తే ఐదు నిమిషాల్లో మెత్తగా కరిగిపోతుంది, నీళ్ళు చుక్క కూడా అక్కర్లేదు. ఎండుమిర్చి, మెంతులు, ఆవాలు వేయించి దంచి, వెల్లుల్లి కచ్చాపచ్చాగా నూరి కలిపి, ఇంగువ పోపు. పులుపు గోంగూర కన్నా పదును, కానీ ఆ వగరు లేదు. ఆకుకూర జిగురూ లేదు. మెంతులు కాస్త ఎక్కువ వేస్తే ఆ లోటు సర్దుకుంటుంది. మా ఆయన మూడు వాయిలు అన్నం కలుపుకుని, "గోంగూర కాదు" అని తీర్పు చెప్పాడు.

ఒక చిన్న సీసా పెద్దాయనకిచ్చాను. ఆయన ఇంట్లో అదే రూబార్బ్ చక్కెర వేసి, పైన వెన్నా పిండీ నలిపి చల్లి, బేక్ చేసి, కస్టర్డుతో తింటారు. మర్నాడు ఒక గిన్నెడు అది నాకొచ్చింది. పచ్చడి ఎలా ఉందంటే, టోస్టు మీద రాసుకున్నాననీ చెవుల్లోంచి పొగలొచ్చాయనీ, మళ్ళీ రాసుకున్నాననీ చెప్పారు.

ఏప్రిల్ 27

తోటకి సెలవు. పెర్షోర్ పక్కన టిడ్స్లీ వుడ్‌కి వెళ్ళాం. చాలా పాత అడవి. ఓక్ ఆకులు ఇంకా పూర్తిగా కప్పలేదు, ఆ సందులోనే కింద బ్లూబెల్స్ పూయాలి. చెట్లు గొడుగు మూసేస్తే వాటి కాలం అయిపోతుంది. వీటికీ అదునుంది. నీలం అనడానికి లేదు, ఊదా అనడానికి లేదు, పల్లంలో నీళ్ళు నిలిచాయేమో అనిపిస్తుంది. ప్రపంచంలోని ఈ జాతి బ్లూబెల్స్‌లో దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉన్నాయంటారు. దారి దిగకూడదు, ఆకు తొక్కితే దుంప మళ్ళీ కోలుకోడానికి ఏళ్ళు పడుతుంది. ఫోటో కోసం పిల్లాణ్ణి పూల మధ్య కూర్చోబెట్టిన ఒక జంటకి మా ఆయన చెప్పబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. చెప్పాల్సిందేమో.

లోపల కుక్కూ వినిపించింది. మన కోయిలలాగే ఇదీ గుడ్లు పరాయి గూట్లో పెట్టే రకం. మనది కాకిని మోసం చేస్తుంది, ఇది చిన్న పిట్టల్ని. మన కోయిలది పైకి పైకి పోయే కూత, దీనిది రెండే స్వరాలు, గోడ గడియారం లాగా.

మే 1

ఎండ. లండన్‌లో క్యూ గార్డెన్స్ దగ్గర 29.3 డిగ్రీలట, మే మొదటి తారీకున ఇంతవరకూ ఇంత ఎండ నమోదు కాలేదట. ఇక్కడా తక్కువేం లేదు. కిటికీలో గోంగూర మొక్కలు పద్నాలుగు గింజలకి పదకొండు వచ్చాయి, జానెడు పెరిగి వెలుగు కోసం అద్దానికి ముఖం ఆనించి నిలబడ్డాయి.

చలి పోయిందా లేదా అనేదానికి ఇక్కడ ఒక సామెత ఉంది: మే బయటికి వచ్చేదాకా ఒంటి మీద గుడ్డ తియ్యకు. హాథార్న్ పూతకి మే అని ఇంకో పేరు. హెడ్జ్‌లన్నీ తెల్లగా పూసేసి వారమైంది. సామెత ప్రకారం అంతా సరిపోయింది. ఆరు మొక్కలు తీసుకెళ్ళి మడిలో నాటేశాను. పెద్దాయన ఊళ్ళో లేరు.

మే 6

ఉత్తరం గాలి తిరిగింది. తెల్లారి అయిదున్నరకి తోటకెళ్ళాను. గడ్డి కొసల మీద తెల్లటి మంచు. గోంగూర ఆరూ ఉడకబెట్టినట్టు నల్లగా వాలిపోయాయి. ఆకు పట్టుకుంటే నీరు కారింది.

పెద్దాయన చూశారు. "సామెతలో మే అంటే పువ్వని కొందరంటారు, నెలని కొందరంటారు" అన్నారు. "మరి మీరేమంటారు?" "నెలాఖరు దాకా ఆగేవాళ్ళతో నేను."

నాన్నకి చెప్పడానికి సిగ్గేసింది. మట్టికి అదును చూసి, గాలికి చూడలేదు. బంగాళదుంపల్లో రెండో మూడో ముక్కు బయట పెట్టి ఉన్నాయి, వాటి మీద మట్టి ఎగదోసి కప్పేశాను. మెంతికూరకి ఏమీ కాలేదు, అసలు చలే నచ్చినట్టుంది. ఓ కట్ట కోసి పప్పులో వేశాను.

మే 26, సోమవారం, సెలవు

శనివారం నుంచి వాన. నెలన్నర తర్వాత గట్టిగా పడ్డ వాన. ఈ వసంతమంతా ఇక్కడ ఎండే. బ్రాడ్ బీన్స్ పొట్టిగానే ఉన్నా నలుపూ తెలుపూ పూలు నిండుగా ఉన్నాయి, తేనెటీగలు పొద్దున్నుంచీ వదలట్లేదు. బంగాళదుంప చాళ్ళు కలిసిపోయాయి. ముల్లంగి మాత్రం ఎండకి కాడ తేలి పూతకొచ్చింది, పీకేశాను. కొత్తిమీరలో సగం స్లగ్‌లకి, సగం మాకు. మూలన తివాచీ ఎత్తి చూద్దామనిపించింది, ఎత్తలేదు.

నాన్న తనే ఫోన్ చేశాడు. రోహిణి కార్తె నిన్ననే వచ్చింది, రోళ్ళు పగలాల్సిన ఎండలో వానలు మొదలయ్యాయట. రుతుపవనాలు ఇంత ముందుగా రావడం ఆయనకి గుర్తులేదు. గొంతులో సంతోషమో అనుమానమో తేల్చుకోలేకపోయాను.

"అక్కడా పడిందా? ఏదీ, చూపించు."

మడి పక్కన గొంతుక్కూర్చుని నాలుగు వేళ్ళ లోతున మట్టి తీశాను. ముద్ద చేసి, నిలబడి, నడుం ఎత్తునుంచి వదిలాను. చప్పున పడి అతుక్కుంది.

"రేపూ వద్దు, ఎల్లుండీ వద్దు" అన్నాడు.

గోంగూర అయిదు మొక్కలు కిటికీలో ఉన్నాయి. నీళ్ళు పోసి, అద్దం వైపున్న ముఖాల్ని ఇటు తిప్పి పెట్టాను.